శనివారం సంతకాలు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పాలకొల్లు వైపు ఒక సెక్షనుకి బదిలీ అయ్యాను. అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. ఎండిన చానలు అడుగున, తల నుంచి శివారు వరకు, ఒక పూటంతా నడిచి చార్జి తీసుకున్నాను. ఆ నడక గురించి తర్వాత చెప్పవలసి వస్తుంది.

ఈ శాఖ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. లస్కరు అంటే తూముల షట్టర్లు ఎత్తే, దించే మనిషి. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గేజి చూసి, అంటే స్తంభం మీద అడుగులూ అంగుళాలూ గీసిన కొలబద్ద చూసి, నీటిమట్టం రిజిస్టర్లో రాసి, ఆఫీసుకి తెలియజేయాలి. అయిదారుగురు లస్కర్ల మీద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు. వారానికోసారి ప్రతి గేజి దగ్గరికీ స్వయంగా వెళ్లి, రిజిస్టర్లో తనిఖీ గడిలో సంతకం పెట్టడం అతని విధి. అతని మీద ఏఈ, ఆయన మీద డీఈ, ఇద్దరూ ఇంజనీర్లు. పైకి పోయేకొద్దీ కాగితం, కిందికి దిగేకొద్దీ బురద. మధ్యలో ఉన్న మాకు రెండూ.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. కాలువ పూడికతీతలో రోజుకూలీగా చేరాను. ఎస్టిమేటు వెయ్యడం, లెవెల్స్ చదవడం, ఇంగ్లీషులో నోటు పెట్టడం నాకెవరూ నేర్పలేదు. పాత ఫైళ్లు విప్పి, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. డిప్లొమా చేత్తో పట్టుకొచ్చి, కాలువకి ఎగువ ఏదో దిగువ ఏదో నన్నడిగిన కుర్రాళ్లని నేను సార్ అన్నాను. ఆ మంట ఇంకా ఆరలేదు. దాచుకోవడం నాకు రాదు.

చదువు లేని లోటుని గంటలతో పూడ్చేవాణ్ణి. తెల్లారకముందే గట్టు మీద ఉండేవాణ్ణి. చీకటి పడ్డాక ఇల్లు చేరేవాణ్ణి. మధ్యలో ఫోను చెవి దిగేది కాదు. ముఖ్యంగా దాళ్వాలో, అంటే రబీ వరికి. సార్వా పంటకి గోదావరిలో నీళ్లకి లోటుండదు. దాళ్వాకి వచ్చేసరికి నది సన్నబడుతుంది. చానలుని పైభాగం, మధ్యభాగం, శివారు అని విడగొట్టి వంతులు పెడతాం. ఎవరి వంతు రోజున వారి తూములు లేస్తాయి, తక్కినవి దిగుతాయి. ఆ పట్టిక ఆఫీసు గోడకి ఉంటుంది. రైతుకి మాత్రం నోటితోనే చెబుతాం. అదీ ఖాయంగా చెప్పం. "రేపు చూద్దాం లెండి" అంటాం. ఖాయంగా చెబితే నీళ్లు రాని రోజున పీక పట్టుకుంటారని మా పైవాళ్లు నాకు నేర్పారు, నేను లస్కర్లకి నేర్పాను. పైభాగంలో పొలమూ చేపల చెరువూ ఉన్న సుబ్బరాజు గారు ఒక్కరే నాకు రోజుకి ఏడెనిమిదిసార్లు ఫోను చేసేవారు. "దానియేలు గారూ, మన సంగతేంటండీ?" అనేవారు. విసుక్కునేవాణ్ణి కానీ, ఆ ఫోను రాని పూట నాకేదో వెలితిగా ఉండేది.

జూన్‌లో రత్నకుమారి చేరింది. శివారు బీటు లస్కరుగా ఉన్న ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. కారుణ్య నియామకం కింద అదే ఉద్యోగం ఆమెకిచ్చారు. రెండేళ్లు ప్రొబేషను. అది పూర్తయినట్టు పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఉద్యోగం గాలిలో దీపం. ఇంట్లో పక్షవాతంతో పడకనున్న అత్తగారు, బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు. ఆరు తూములు, నాలుగు కిలోమీటర్ల గట్టు. నెల తిరక్కుండా వచ్చి తేలిక పని అడుగుతుందని అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ రాలేదు. రెండు నెలల్లో ఊళ్లో ఉన్న సొంత డాబా అద్దెకిచ్చేసి, శివారు వంతెన పక్కన గట్టు మీద రేకుల ఇంట్లో దిగిందని తెలిసింది. "డాబా వదిలి రేకుల కిందికి వెళ్లిందంటే బుర్ర తిరిగిందన్నమాటే" అని ఆఫీసులో అందరి ముందూ అన్నాను.

దాళ్వా మొదలయ్యాక అసలు సంగతి మొదలైంది. ఆమె తన బీటులోని ప్రతి తూము గోడ మీదా సున్నం కొట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీకి ఎవరి వంతో నల్లరంగుతో రాసేసింది. అడుగున ఒక వాక్యం: "మాట్లాడవలసినవారు సాయంత్రం నాలుగు గంటలకు మూడో తూము దగ్గరకు రావలెను." నేను చూసి కేకలేశాను.

"ఏమ్మా, వంతులు గోడకెక్కిస్తే రేపు నీళ్లు తగ్గిన రోజున ఎవడు సమాధానం చెబుతాడు?"

"తగ్గితే తుడిచి మళ్లీ రాస్తానండి. తుడిచినట్టు కూడా వాళ్లకి కనపడుతుంది కదండీ."

"నీకు ఫోను లేదా? నాలుగింటికి రావలెను ఏంటి, నువ్వేమైనా కలెక్టరువా?"

"ఫోనుందండి. షట్టరు తిప్పేటప్పుడు రెండు చేతులూ కావాలి కదండీ, ఎత్తలేను."

శివారులో ఒక తూము కింద సుబ్బరాజు గారికి మరో మూడెకరాలున్నాయి. అది ఆమె బీటులోకి వస్తుంది. ఒకరోజు మోటారుసైకిల్ మీద పోతూ చూద్దును కదా, సాయంత్రం నాలుగింటికి మూడో తూము దగ్గర ఎండలో గొడుగేసుకుని ఆయన నిలబడి ఉన్నారు. నన్ను అన్నం తిననివ్వని మనిషి ఆ లస్కరు కోసం వేచి ఉన్నాడు! ఆగి అడిగాను. "ఆవిడ టైమంటే టైమేనండి. అడిగింది చెబుతుంది, పంపించేస్తుంది. మీకు ఫోను చేస్తే చూద్దాం అంటారు. మళ్లీ చేసుకోవాలి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అయిదింటికల్లా ఆమె ఇంటి దగ్గర ఉండేది. నేను అవతలి గట్టు మీద పోతుంటే పిల్లకి ఎక్కాలు చెబుతూ కనిపించేది. ఒకసారి జాజిమొక్కకి పాదు చేస్తూ కనిపించింది. జాజిమొక్క! ముప్ఫై రెండేళ్ల సర్వీసులో నాకు చెప్పు దెబ్బతింటే కుట్టించుకునే తీరిక లేదు. ఏఈ గారు కూడా, నా కొడుకు వయసు మనిషి, మీటింగులో "శివారు నుంచి ఈ సీజను ఒక్క కంప్లయింటు లేదు, రత్నకుమారి గారిని చూడండి" అన్నారు. గారట. నన్నూ గారనే అంటారు, అది వేరు.

ఇంట్లో ఇంకో గొడవ. నా భార్య కరుణకి ఎడమకంట్లో శుక్లం ముదిరింది. రాజమండ్రిలో డాక్టరు పరీక్ష చేసి ఆపరేషనుకి రోజు ఇవ్వాలి. మూడుసార్లు బయలుదేరాం, మూడుసార్లూ నాకు ఫోను వచ్చి ఆగిపోయాం. కరుణ చర్చిలో పాటల బృందంలో ఉంది. శనివారం సాయంత్రం అయిదింటికి ప్రాక్టీసు. రత్నకుమారి కూడా అందులో చేరింది.

"ఏమండీ, రత్నం వాళ్లత్తగారిని గురువారం గురువారం కాళ్ల వ్యాయామానికి పాలకొల్లు తీసుకెళ్తోందట" అంది కరుణ ఒకనాడు కూర తరుగుతూ. ముక్కలు కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటోంది.

"డ్యూటీ ఎగ్గొట్టి తీసుకెళ్తుందేమో."

"గురువారం వాళ్ల తూములన్నీ దించేసే రోజటగా. పొద్దున్న ఒక్క చుట్టే ఉంటుందట. ఆ మధ్యాహ్నమే పెట్టుకుంది." తరిగిన ముక్కలు గిన్నెలో వేసి, "ఆవిడకి రోజుకి ఎన్ని గంటలండీ?" అని అడిగింది.

నేను చెంబు విసిరినంత పని చేశాను. ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన. ఆరు తూములు, ముసలావిడ, ఇద్దరు పిల్లలు, పాటలు, జాజిమొక్క. ఇన్ని జరగాలంటే ఎక్కడో ఒకటి ఎగ్గొట్టాలి. ఎగ్గొట్టడానికి అన్నిటికన్నా తేలికైనది పొద్దున ఆరింటి గేజి. చూడకుండానే నిన్నటి అంకెకి అటో ఇటో ఒక అంగుళం కలిపి రాయవచ్చు. నేను లస్కర్లని ఎరుగుదును.

ఫిబ్రవరిలో ఒక పొద్దున అయిదు ముప్పావుకి శివారు వంతెనకి కొంచెం ఎగువన, అవతలి గట్టు మీద బండి ఆపాను. మనిషి కనబడకుండా రెల్లు పొద చాటున నిలబడ్డాను. నా వయసుకి, నా హోదాకి ఆ నిలబడటం తగినది కాదని అప్పుడే తెలుసు. ఆరు గంటలకి రత్నకుమారి ఇంటి మెట్ల మీద పెద్దపిల్లకి జడ వేస్తోంది. నోట్లో రిబ్బను. లేవలేదు. గట్టు దిగలేదు. వంతెన వైపు ఒకసారి తల తిప్పింది, అంతే. ఆరూ అయిదుకి నా ఫోనులో సెక్షను గ్రూపులో మెసేజి: శివారు గేజి, నాలుగడుగుల ఒక అంగుళం.

నాకు కలిగిన సంతోషం ఇన్నేళ్లకి కూడా సిగ్గు లేకుండా గుర్తుంది. వంతెన దాటి వెళ్లి గేజి చూసి, ఆమె ముఖం మీదే అడిగితే పోయేది. రెండు నిమిషాల పని. అంతలో సుబ్బరాజు గారు ఫోను చేశారు. పైతూము దగ్గర గొడవ అన్నారు. అటు వెళ్లిపోయాను.

మర్నాడు కరుణని నాలుగోసారి రాజమండ్రి తీసుకెళ్లవలసిన రోజు. ఆఫీసులో అర్జెంటు పని ఉందని చెప్పి, వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని ఏఈ గారికి రిపోర్టు రాశాను. రెండు పేజీలు, ఇంగ్లీషులో. మూడు గంటలు పట్టింది. ఎందుకంటే నిర్లక్ష్యం అన్న మాటకి సరైన ఇంగ్లీషు కోసం డిక్షనరీ మూడుసార్లు తిప్పాను. సారాంశం ఇది: సదరు లస్కరు గేజి దగ్గరకు పోకుండానే అంకెలు పుట్టించి రాస్తున్నది. శివారు గేజి అంకెలు పూర్తిగా చెరిగిపోయి ఉన్నవి, కిందికి దిగి చేత్తో తడిమితే తప్ప చదవడం అసాధ్యం. కాబట్టి ఇంటి మెట్ల మీద నుంచి చూశానని అనడానికి కూడా వీలు లేదు. ప్రొబేషను విషయంలో తగు నిర్ణయం తీసుకోగలరు. ఆ చివరి వాక్యం నేను కావాలనే రాశాను. దాంతో ఆమె ఉద్యోగం పోవచ్చునని తెలిసే రాశాను.

గేజి చెరిగిపోయి ఉందని ఎలా రాశానంటే, మే నెలలో నడిచినప్పుడు అలాగే ఉంది.

రెండు రోజుల తర్వాత ఏఈ గారు నన్ను వెంటబెట్టుకుని జీపులో శివారు వంతెన దగ్గర దిగారు. చేతిలో గేజి రిజిస్టరు. ముందుగా చెప్పలేదు కాబట్టి రత్నకుమారి అప్పుడే మొదటి చుట్టు నుంచి వచ్చి, మోపెడ్‌కి కట్టిన షట్టరు హ్యాండిల్ విప్పుతోంది. ఏఈ గారు రిపోర్టులో ఉన్నది తెలుగులో చదివి వినిపించారు. ఆమె ముఖం పాలిపోయింది. లోపల మంచం మీద నుంచి ముసలావిడ "ఎవరే?" అంటోంది.

"ఆఫీసువాళ్లత్తా, పడుకో" అని, ఏఈ గారితో, "మెట్ల మీద కూర్చోండి సార్" అంది.

ఆయన కూర్చున్నారు. వంతెన వైపు చూశారు. స్తంభానికి ఆ ఇంటివైపు ముఖాన తెల్లటి పట్టీ, దాని మీద జానెడు జానెడు నల్ల అంకెలు. నేను ఆ రోజు నిలబడ్డ గట్టుకి ఆ స్తంభం వీపు కనిపిస్తుంది. "నాలుగడుగులు" అని ఏఈ గారు పైకే చదివారు. "మీరూ కూర్చోండి దానియేలు గారూ" అన్నారు. కూర్చున్నాను. కళ్లజోడు తుడుచుకున్నాను. నాలుగడుగులే.

"ఎప్పుడు వేశారమ్మా?"

"నవంబర్లో సార్, దాళ్వాకి ముందు. తలుపులకి వేసిన రంగు మిగిలితే వేశాను. పాత గుర్తుల మీదే వేశానండి, కొలత మార్చలేదు. చీకట్లో కూడా టార్చి కొడితే కనపడుతుందని. ఈ ఇల్లు తీసుకున్నదే అందుకండి. రోజుకి రెండుసార్లు ఊళ్లోంచి రావాలంటే పిల్లలకి బడి, అత్తకి మందు, రెండూ పోతాయి."

ఏఈ గారు రిజిస్టరు తెరిచారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రతి శనివారం తనిఖీ గడిలో నా సంతకం ఉంది, పొడి సంతకం కాదు, పూర్తి సంతకం. శనివారం మూడింటికి ఆమె రిజిస్టరు ఆఫీసులో ఇచ్చి వెళ్లేది. తక్కిన లస్కర్లవి కూడా అక్కడికే వచ్చేవి. నేను కుర్చీలో కూర్చుని అన్నిటి మీదా ఒకేసారి పెట్టేవాణ్ణి. అన్ని గేజిలూ తిరగడానికి నాకు తీరికెక్కడిది? ఈ మాట ఎవరినడిగినా నిజమేనంటారని అనుకునేవాణ్ణి.

"దానియేలు గారూ, ఇన్ని శనివారాలు ఈ గేజి చూశానని సంతకం పెట్టారు. అంకెలు చెరిగిపోయి ఉన్నాయని మొన్న రాశారు. ఇందులో ఏది నిజం?"

రిపోర్టు నిజమంటే సంతకాలు అబద్ధం. సంతకాలు నిజమంటే రిపోర్టు అబద్ధం. చూడకుండానే రాసినవాడు ఆ గట్టు మీద ఎవరో ఏఈ గారికి అర్థమైంది. తప్పుడు తనిఖీ అంటే చార్జి మెమో. మూడేళ్లలో రిటైరయ్యేవాడికి అది పెన్షను దాకా వస్తుంది.

ఏఈ గారు ఆమె వైపు తిరిగారు. "శనివారాలు ఇన్‌స్పెక్టరు గారు ఇక్కడికి రావడం మీరు చూశారా?"

ఆమె ఒక్క మాటతో నన్ను ముంచవచ్చు. నేనైతే ముంచేవాణ్ణి. ఆ పని మొన్ననే రెండు పేజీల్లో చేశాను కూడా.

"శనివారం మూడింటికి నేను ఆఫీసులో బుక్కిచ్చేస్తానండి. తర్వాత మూడో తూము, తర్వాత చర్చి. ఆరింటికి వచ్చి గేజి చూసుకుంటాను. ఆ మధ్యలో ఎవరొచ్చారో నేను చెప్పలేను సార్."

అది తప్పించుకునే జవాబని ఏఈ గారికి తెలుసు. కాసేపు రిజిస్టరు అట్ట మీద వేలితో కొట్టి, జీపెక్కారు. నన్ను ఎక్కమనలేదు.

నేను అక్కడే నిలబడ్డాను. కృతజ్ఞత అని అంటారేమో, కాదు. నా పెన్షను ఆవిడ చేతిమీదుగా నాకు దక్కిందన్న సంగతి నాకు సహించలేదు. "నా మీద జాలిపడ్డావా?" అని అడిగాను. గట్టిగానే అడిగాను.

"జాలేంటండీ" అంది, హ్యాండిల్ కట్టిన తాడు చుట్టుకుంటూ. "మీరు రాలేదని చెబితే ఎంక్వయిరీ పడుతుంది. స్టేట్‌మెంటు ఇవ్వడానికి ఏలూరు ఆఫీసుకి రమ్మంటారు. రెండు మూడుసార్లు తిప్పుతారు. అత్తని ఎవరి దగ్గర పెట్టి వెళ్లనండీ? నాకంత టైములేదు." మోపెడ్ స్టాండు వేసి, ఇంట్లోకి వెళ్తూ మళ్లీ ఆగింది. "మీకు నా మీద అనుమానమొస్తే నాలుగింటికి మూడో తూము దగ్గరికి రావాల్సిందండి. అయిదు నిమిషాల్లో తేలిపోయేది."

నన్ను వదిలేసింది మంచితనంతో కాదు, తీరిక లేక! ముప్ఫై రెండేళ్ల సర్వీసులో నన్ను అంతకంటే తక్కువ చేసి చూసినవాళ్లు లేరు.

తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. ఏఈ గారు రిపోర్టు నాకే తిరిగిచ్చి, ఇక మీదట ప్రతి గేజి దగ్గర నిలబడి ఫోటో తీసి పంపమన్నారు. అన్ని గేజిలూ తిరగడానికి శనివారం పూట రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అంతే పట్టింది. తీరిక లేదని నేను తొమ్మిది నెలలు తప్పించుకున్న పని అది. మరుసటి ఏడు, గడువు తీరగానే, ఆమె ప్రొబేషను పూర్తయినట్టు ఉత్తర్వు వచ్చింది. తర్వాతి దాళ్వాకి డీఈ గారు చానల్లోని తూములన్నిటి మీదా వంతుల తేదీలు రాయించాలని సర్క్యులర్ ఇచ్చారు. అందులో అది మా సెక్షను పద్ధతి అని ఉంది, పేరు లేదు. మీటింగులో నావైపు చూసి మెచ్చుకున్నారు. ఎవరి ఆలోచనో నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అన్ని తూముల మీదా రాతలు పడ్డాక నాకు రోజుకి నాలుగైదు ఫోన్లు మించి రాలేదు. మొదటి వారం ఫోను పాడైందేమోనని రీచార్జి దుకాణంలో చూపించుకున్నాను కూడా. అయిదున్నరకి ఇల్లు చేరి ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూర్చునేవాణ్ణి. కరుణకి ఆపరేషను ఆ రిపోర్టు రాసిన మరుసటి నెల, మార్చిలో అయింది. ఆలస్యం చేశారని డాక్టరు నన్నే తిట్టాడు. చూపు పూర్తిగా రాలేదు. అది ఆమె నన్నెప్పుడూ అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రత్నకుమారి మీద నా అసూయ పోలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆమెని మెచ్చుకుంటే లేచి వెళ్లిపోతాను. కానీ ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి ఆ సీజను నుంచి చెప్పదగ్గది ఒకటుంది. నేను రోజుకి పద్నాలుగు గంటలు పనిచేశానని చెప్పుకునేవాణ్ణి. పనిచేసింది అయిదారు గంటలు. తక్కినవి, ఒకసారి ఖాయంగా చెప్పవలసిన మాట చెప్పకుండా దాచుకున్నందుకు, దాన్ని పదిమంది పదిసార్లు అడగడానికి వస్తే జవాబిచ్చిన గంటలు. వాళ్లు అలా రావడం నాకు కావాలి. ఆ కావాలనుకోవడం పేరే నేను తీరిక లేకపోవడం అని పెట్టుకున్నాను. మీ చేతికింద ఎవరైనా సాయంత్రం అయిదింటికి ఇంటికెళ్తుంటే, వాళ్ల మీద రిపోర్టు రాసే ముందు మీ రిజిస్టరు మీరు తెరిచి చూసుకోండి.